తీరిక, మర్యాద, దేహశ్రమ: కృష్ణా పశ్చిమ డెల్టాలో సంపదకూ విరామకాల వ్యాయామానికీ గల సంబంధం – చారిత్రక పరిశీలన (కొల్లిపర, తెనాలి ప్రాంతం)

వ్యాససంగ్రహం:

ఒక ప్రాంతం సంపన్నమైన కొద్దీ అక్కడి మనుషుల శరీరశ్రమ తగ్గుతుందని సాధారణంగా భావిస్తాం. పని వేళల విషయంలో ఇది చాలావరకు నిజం. అయితే సంపద వల్ల మిగిలిన తీరిక వేళల్లో ఆ శరీరం ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న. ఈ ప్రశ్నను కృష్ణా పశ్చిమ డెల్టాలోని కొల్లిపర, తెనాలి ప్రాంతాన్ని ఆధారం చేసుకొని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆనకట్ట తెచ్చిన సంపద తీరికను ఇచ్చింది. ఆ తీరిక కదలికగా మారాలంటే అనువైన కాలం, ఖాళీ స్థలం, గౌరవం అనే మూడూ అవసరం. ఈ మూడూ కుదరని చోట సంపద పెరిగినా విరామకాల వ్యాయామం పెరగదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కృష్ణా డెల్టా, కొల్లిపర, తెనాలి, ఆనకట్ట, తీరిక, వ్యాయామం, మర్యాద, శ్రమ, గ్రామ క్రీడలు.

1. ఉపోద్ఘాతం:

శారీరక చలనాన్ని కొలిచేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ప్రశ్నావళి మనిషి కదలికను మూడు భాగాలు చేస్తుంది. మొదటిది పనిలో జరిగే శ్రమ. రెండవది ఒక చోటి నుంచి మరో చోటికి నడక మీదో సైకిలు మీదో సాగే ప్రయాణం. మూడవది తీరిక వేళ ఇష్టపడి చేసే ఆట, నడక, వ్యాయామం. మొదటి రెండూ బతుకు కోసం తప్పనివి. మూడవది మాత్రం మనిషి తనంత తాను ఎంచుకొనేది. అందువల్ల సామాజిక చరిత్రకారునికి ఈ మూడవ భాగమే ఎక్కువ విషయాలు చెబుతుంది. బలవంతం లేని వేళ ఒక సమాజం శరీరాన్ని ఏ విధంగా వాడుకొంటుందో చూస్తే, ఆ సమాజం దేనిని గౌరవిస్తుందో తెలుస్తుంది.

తెలుగు నుడికారమే ఇక్కడ మొదటి సాక్ష్యం. తీరిక వేళ చేసే పనికి మనకున్న మాట ‘కాలక్షేపం’, అంటే పొద్దు గడపడం. ‘కాలు మీద కాలేసుకొని కూర్చోవడం’ కలిమికి గుర్తు. ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అనేది లేమికి గుర్తు. ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అని హెచ్చరించిన సామెత కూడా కూర్చుని తినగలగడం ఒక భాగ్యమని ఒప్పుకొన్న తరువాతే హెచ్చరిస్తుంది. కదిలే దేహం పేదరికానికీ, కదలని దేహం సంపదకూ చిహ్నాలైన ఈ భావన ఎలా స్థిరపడిందో తెలియడానికి కొల్లిపర ప్రాంతం అనువైన ఉదాహరణ.

2. ఆనకట్టకు ముందు, తరువాత:

కొల్లిపర గుంటూరు జిల్లాలో తెనాలికి ఈశాన్యంగా, కృష్ణానది కుడిగట్టు వైపున ఉన్న మండల కేంద్రం. వల్లభాపురం, మున్నంగి, తూములూరు, దావులూరు, అత్తోట మొదలైనవి ఈ మండలంలోని గ్రామాలు. మాగాణిలో వరి, నదికి దగ్గరగా ఉన్న సారవంతమైన నేలల్లో పసుపు, అరటి, కంద వంటి వాణిజ్య పంటలు ఈ ప్రాంతపు ఆదాయానికి ఆధారాలు. పక్కనున్న దుగ్గిరాల పసుపు మార్కెట్టు పేరుపొందినది.

ఈ సంపద అనాదిగా ఉన్నది కాదు. 1832–33 నాటి కరువు గుంటూరు జిల్లా జనాభాలో కనీసం మూడోవంతును పొట్టన పెట్టుకొంది. నది పక్కనే పారుతున్నా, నీరు పొలాలకెక్కే ఏర్పాటు అప్పటికి లేదు. ఆర్థర్ కాటన్ వాదించిన డెల్టా నీటిపారుదల పథకంలో భాగంగా బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. పశ్చిమ ప్రధాన కాలువ దుగ్గిరాల వద్ద శాఖలుగా చీలి తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు నీటిని తీసుకొనిపోయింది. 1899లో బెజవాడ – మద్రాసు రైలుమార్గం, 1916లో రేపల్లె మార్గం ఏర్పడి ధాన్యానికి దూరపు మార్కెట్లు దొరికాయి. తెనాలిలో బియ్యపు మిల్లులు, వ్యాపారం, విద్య, నాటకం వృద్ధి పొందాయి. పట్టణం గుండా పారే మూడు కాలువలను, అక్కడి కళాభిరుచిని చూసి తెనాలిని ‘ఆంధ్రా పారిస్’ అన్నారు. 1952లో పాత ఆనకట్టకు గండి పడగా, దాని స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957లో ప్రారంభమైంది.

అంటే రెండు మూడు తరాల వ్యవధిలో కరువుకు వెరచిన ప్రాంతం మిగులు ధాన్యపు ప్రాంతమైంది. అయితే ఆ మిగులు అందరికీ సమానంగా అందలేదు. భూమి ఉన్న రైతుకు తీరిక దక్కింది. ఆ తీరికకు మూల్యంగా పాలేరు, కూలీ, నాట్లు వేసే స్త్రీ తమ శ్రమను చెల్లించారు. దమ్ము చేయడం, నారు పీకడం, నాటడం, కలుపు తీయడం, కోయడం, మోపులు మోయడం, నూర్చడం అనే పనులన్నీ నడుం వంచి చేసేవే. ఎకరాలు పెరిగిన కొద్దీ రైతు ఈ పనుల నుంచి ఒక్కొక్కటిగా తప్పుకొని, గట్టు మీద నిలబడి పని చేయించే స్థితికి చేరాడు. చేలో దిగడానికీ గట్టున నిలబడడానికీ మధ్యనున్న రెండడుగుల ఎత్తే డెల్టా సమాజంలో హోదాకు కొలమానమైంది.

3. తీరికకు దొరికిన కాలం:

డెల్టాలో తీరిక ఏ రూపంలో దొరికిందో తెలియడానికి ఇంగ్లండుతో పోలిక ఉపకరిస్తుంది. అక్కడ 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం మిల్లుల్లో పనిచేసే స్త్రీలకు, కౌమార వయసు కార్మికులకు శనివారం మధ్యాహ్నం రెండు గంటలకే పని ముగిసేలా చేసింది. మిల్లులు ఆగడంతో క్రమంగా పురుషులకు కూడా శనివారపు సగం సెలవు దక్కింది. 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. ఆ శతాబ్దం చివరికి శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ ఆట కార్మిక నగరాల అలవాటయింది. వారం వారం, ఒకే గంటకు, అందరికీ కలిసి దొరికిన తీరిక జట్టు ఆటకు అనువైనది.

దాదాపు అదే దశకంలో ఆనకట్ట పూర్తయిన కృష్ణా డెల్టాలో తీరికను కాలువ నిర్ణయించింది. తొలకరికి కాలువలు వదిలిన నాటి నుంచి కుప్పనూర్పిళ్ల వరకు ఊపిరి సలపని పని. మరమ్మతుల కోసం కాలువలు కట్టివేసే వేసవిలోనే అసలైన విరామం. కానీ ఆ నెలల్లో కోస్తా ఎండ మనిషిని నీడ పట్టునే ఉంచుతుంది. పెళ్లిళ్లు, తిరునాళ్లు, రాత్రంతా సాగే నాటకాలు, హరికథలు, అరుగుల మీద పేకాట, పులిజూదం ఈ విరామాన్ని నింపాయి. ఏటా దొరికిన పెద్ద తీరిక శరీరం కదలడానికి అతి ప్రతికూలమైన రుతువులోనే దొరకడం ఒక భౌగోళిక వాస్తవం. అందువల్ల డెల్టా రైతు కూర్చోవడాన్ని కేవలం సోమరితనంగా చూడడం సరికాదు. సంక్రాంతి పండుగ ఒక్కటే చలికాలపు విరామం. డెల్టాలో శరీరంతో ముడిపడిన వేడుకలు ఎక్కువగా ఆ పండుగ చుట్టూనే చేరడం యాదృచ్ఛికం కాదు.

4. మర్యాద – దేహం:

అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ప్రచురించిన తన గ్రంథంలో, శ్రమ చేయనవసరం లేదని నలుగురికీ కనబడేలా చూపించుకోవడమే సంపన్నుల గౌరవానికి మూలమని సిద్ధాంతీకరించాడు. అయితే ఆయన వర్ణించిన పాశ్చాత్య సంపన్నులు వేట, గుర్రపుస్వారీ, క్రీడల వంటి ‘లాభం లేని శ్రమ’ను హోదాగా మలచుకొన్నారు. ఫలితం లేని శ్రమ కాబట్టే అది ధనవంతునికి తగినదైంది.

కృష్ణా డెల్టాలో ఈ రెండవ అడుగు పడలేదు. ఇక్కడ భూస్వామ్య గౌరవానికి వారసత్వం రాచవేటలో లేదు, వ్యవసాయంలో ఉంది. మొన్నటిదాకా చేలో దిగి పనిచేసిన కుటుంబమే ఈనాడు గట్టెక్కింది. శ్రమ నుంచి విముక్తి ఇంకా కొత్తది. చెమట పడితే చూసేవారు దానిని ఆటగా కాక కూలిగానే గుర్తించే అవకాశం ఉంది. శ్రమకూ కులానికీ ముడిపడిన సమాజంలో ఆ గుర్తింపుకు వెరపు మరింత ఎక్కువ. అందువల్ల డెల్టా సంపన్నుడు తన బలాన్ని తన దేహంతో ప్రదర్శించలేదు, తన ఎద్దులతో ప్రదర్శించాడు.

బండలాగుడు పోటీలు దీనికి ఉత్తమ నిదర్శనం. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలు చేసి, నిర్ణీత సమయంలో ఏ జత ఎంత దూరం బండను లాగిందో కొలుస్తారు. ఎద్దుకు పెట్టే దాణా, చేయించే నడక, ఈత, మాలీషు అన్నీ కచ్చితమైన వ్యాయామ శాస్త్రమే. ఒంగోలు జాతి ఎద్దుకు ఇంత క్రమశిక్షణతో వ్యాయామం చేయించిన సమాజం తన దేహానికి దానిని వర్తింపజేయలేదు. వ్యాయామం విలువ తెలియకపోవడం దీనికి కారణమని చెప్పలేము. అది ఎవరు చేయాలన్న విషయంలో ఉన్న అంతరమే కారణం.

5. తీరికకు కావలసిన స్థలం:

ఆటకు నేల కావాలి. నీరు లేని మెట్ట ప్రాంతాల్లో పంట లేని నెలల్లో పొలాలు, బీళ్లు ఖాళీగా ఉంటాయి. చెడుగుడుకు, గోటీబిళ్లకు అవి సహజమైన మైదానాలు. డెల్టాలో నేల ఖాళీగా ఉండే రోజులు తక్కువ. వరి కోతకు కొద్ది రోజుల ముందే నిలిచిన పైరులో మినుము చల్లడం ఈ ప్రాంతపు పాత పద్ధతి. కోత అయ్యేసరికి కింద మినుము మొలకెత్తి ఉంటుంది. ఇటీవలి దశాబ్దాల్లో మినుముకు తెగుళ్లు పెరగడంతో, వరి తరువాత దుక్కి దున్నకుండానే మొక్కజొన్న వేసే పద్ధతి వ్యాపించింది. నదికి దగ్గరి నేలల్లో పసుపు, అరటి, కంద ఏడాది పొడవునా భూమిని వదలవు.

నేల విలువ ఎంత పెరిగితే ఊరి ఉమ్మడి స్థలం మీద ఒత్తిడి అంత పెరుగుతుంది. డొంకలు సన్నబడతాయి, పోరంబోకులు కలిసిపోతాయి. చివరకు ఊరికి మిగిలే ఆటస్థలం సాధారణంగా బడి ఆవరణ ఒక్కటే. సంపదకు ఆధారమైన అదే సారవంతమైన నేల ఆటకు స్థలం లేకుండా చేయడం డెల్టా చరిత్రలోని ఒక వైరుధ్యం.

6. సంపద నిర్మించిన సంస్థలు:

డెల్టా తన సంపదను ఉమ్మడి ప్రయోజనానికి వెచ్చించలేదని అనడానికి వీలులేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన తరువాత ఈ ప్రాంతమంతటా ఊరూరా గ్రంథాలయాలు వెలిశాయి. నేటి బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం వాటిలో ప్రసిద్ధమైనది. తెనాలి రామవిలాస సభ నాటకరంగానికి స్థానం నరసింహారావు వంటి మహానటుని అందించింది. తెనాలి ప్రాంతంలోని రావికంపాడు, మోరంపూడి గ్రామాలు గుమ్మడి వెంకటేశ్వరరావును, కొంగర జగ్గయ్యను చిత్రరంగానికి ఇచ్చాయి. పఠనం, నాటకం, సభ, సినిమా అన్నీ ఉన్నతమైన సాంస్కృతిక వ్యాపకాలే. కానీ ప్రేక్షకుడూ పాఠకుడూ కూర్చొనే వాటిని ఆస్వాదిస్తారు. తీరికకు డెల్టా ఇచ్చిన అత్యుత్తమ రూపం ఆసీన సంస్కృతి.

వ్యాయామానికి ఇలాంటి ఆదరణ దొరికిన సందర్భాలు తెలుగునేలపై లేకపోలేదు. వీరఘట్టంలో 1882లో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ శిక్షకునిగా పనిచేసి, తరువాత సర్కస్ ద్వారా దేశమంతా పేరు పొందారు. 1921లో చీరాల – పేరాల ఉద్యమంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపిన రామదండు దేహదారుఢ్యాన్ని, క్రమశిక్షణను ప్రజాసేవకు జోడించింది. ఉద్యమం చల్లబడిన తరువాత ఆ అలవాటు గ్రామాల్లో సంస్థగా నిలవలేదు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల వంటి సంస్థల్లో శిక్షణ పొందినవారి ద్వారా బడుల్లోకి డ్రిల్లు వచ్చింది. బడితో మొదలైన వ్యాయామం చాలామందికి బడితోనే ముగిసింది. కృష్ణా జిల్లా గండిగుంటకు చెందిన దండమూడి రాజగోపాలరావు బరువులెత్తే పోటీల్లో 1948 లండన్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. తెలుగు ప్రజలలో చాలామందికి ఆయన ‘నర్తనశాల’ చిత్రంలోని భీమునిగానే గుర్తుండడం గమనించదగినది.

ప్రాంతీయ సంపదకూ క్రీడాభ్యాసానికీ నేరుగా సంబంధం లేదనడానికి ఉత్తరాంధ్ర మరో ఉదాహరణ. డెల్టాతో పోలిస్తే వెనుకబడినదిగా పేరుపడిన శ్రీకాకుళం జిల్లా నుంచే కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయ్యారు. విజయనగరం సమీపంలోని కొండవెలగాడ అనే చిన్న ఊరు వెయిట్‌లిఫ్టర్ల గ్రామంగా పేరుపొందింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం పొందిన మత్స సంతోషిది ఆ ఊరే. పోటీ క్రీడ, సామాన్యుని విరామకాల వ్యాయామం ఒకటి కావన్నది నిజమే. అయినా ఒక ఊరిలో సాధనకు చోటు, నేర్పే మనిషి, మెచ్చుకొనే నలుగురు ఉంటే తక్కువ సంపదతోనే దేహసాధన గౌరవప్రదమవుతుందని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

7. స్త్రీల తీరిక:

ఈ చర్చలో స్త్రీల స్థితిని విడిగా పరిశీలించాలి. సంప్రదాయ పంచాంగంలో ఆడపిల్లలకు ఒళ్లు కదిలే ఆటకు స్పష్టమైన అనుమతి ఇచ్చిన పండుగ అట్లతద్ది. తెల్లవారకముందే లేచి, చద్ది తిని, వీధుల్లో ఆడి, చెట్లకు కట్టిన ఊయలలూగడం ఆ రోజు ఆచారం. ఒప్పులకుప్ప, గొబ్బి, కోలాటం కూడా దేహాన్ని కదిలించేవే. వీటికి ఒక రోజో, ఒక వయసో హద్దుగా ఉండేది. మిగిలిన కాలమంతా ఇంటిపట్టున ఆడే వామనగుంటలు, అష్టాచెమ్మా, పచ్చీసు మర్యాదైన ఆటలు.

సంపద పెరిగిన ఇంట స్త్రీ పొలానికి వెళ్లడం మానడం మొదటి హోదా చిహ్నం. తరువాత బియ్యపు మిల్లు దంపుడును, కుళాయి నీళ్ల మోతను, గ్రైండరు రుబ్బురోలును తొలగించాయి. ఇవన్నీ నిజమైన విముక్తులు, వాటిని తక్కువ చేయరాదు. అయితే తొలగిన శ్రమ స్థానంలో వీధిలో నడిచే, ఆడే స్వేచ్ఛ రాలేదు. కూలికి వెళ్లే స్త్రీ విషయం దీనికి పూర్తిగా భిన్నం. పగలంతా నడుం వంచి నాట్లు వేసి, ఇంటికి వచ్చి వంట చేసిన స్త్రీ రాత్రి కాసేపు కూర్చుంటే, కొలత పట్టికలో ఆమె కూడా ‘విరామకాలంలో కదలని’ వ్యక్తిగానే నమోదవుతుంది. గట్టు మీది ఆసామి కూర్చోవడం, ఆమె కూర్చోవడం అంకెల్లో ఒక్కటే. చరిత్రలో మాత్రం అవి పరస్పర విరుద్ధమైనవి. ఒకటి శ్రమ లేమికి కొనసాగింపు, రెండవది శ్రమకు ప్రతిఫలంగా దక్కవలసిన విశ్రాంతి.

8. వర్తమాన గణాంకాల వెలుగులో:

ట్రాక్టరు, వరికోత యంత్రం, మోటారు సైకిలు వచ్చాక పనిలోని శ్రమ, ప్రయాణంలోని నడక రెండూ కుంచించుకుపోయాయి. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడిన అంచనా ప్రకారం, తగినంత శారీరక చలనం లేని వయోజనులు భారతదేశంలో 2000లో సుమారు 22 శాతం ఉండగా 2022 నాటికి సుమారు 49 శాతానికి చేరారు. స్త్రీలలో ఇది 57 శాతం, పురుషులలో 42 శాతం. ఇవి మొత్తం చలనానికి సంబంధించిన అంకెలు. తీరిక వేళల సంగతిని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగి 2014లో వెలువడిన అధ్యయనం విడిగా చూపింది. ఈ నాలుగు ప్రాంతాల ఆర్థిక స్థితిగతులు వేర్వేరు. అయినా ప్రతిచోటా విరామకాల వ్యాయామం చేసేవారు పదిశాతం లోపే. సంపద పని శ్రమను తగ్గించగలిగినంత సులభంగా విరామ వ్యాయామాన్ని పెంచలేకపోయిందని ఈ ఫలితం సూచిస్తుంది.

దీని పర్యవసానం దేహాల మీద కనిపిస్తోంది. కృష్ణా డెల్టాకు సాటి అయిన గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003–04లో సంభవించిన మరణాలను పరిశీలించగా, వాటిలో 32 శాతానికి గుండె, రక్తనాళాల వ్యాధులు కారణమని తేలింది. అదే పరిశోధనలో భాగంగా 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించగా 13.2 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు 2006లో వెల్లడైంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం అధిక బరువు గలవారు, దేశ సగటు 24 శాతం. ఆహారం, వంశపారంపర్యం, వైద్య సౌకర్యాలు కూడా ఇందులో పాలుపంచుకొంటాయి గనుక దీనినంతా కదలిక లేమికే ఆపాదించరాదు. కానీ ఒకప్పుడు కరువుతో క్షీణించిన ప్రాంతాలు నేడు కలిమి రోగాలతో బాధపడుతున్నాయన్నది స్పష్టం.

ఈనాడు తెనాలి వంటి పట్టణాల్లో వేకువన నడిచేవారు కనిపిస్తారు. ఈ నడక చాలామందికి వైద్యుని చీటీతో మొదలైంది. చెమటకు కూలితనపు ముద్ర పోయి ఆరోగ్యపు ముద్ర పడడం మంచి మార్పే. కానీ అది రోగం వచ్చాక, ప్రధానంగా చదువుకొన్న కలవారికి దక్కిన మార్పు. ఊళ్లోని యువతులకూ, కూలిపని తగ్గి ఇంకా తీరిక రూపుదిద్దుకోని కుటుంబాలకూ అది చేరవలసి ఉంది.

9. ముగింపు:

కొల్లిపర, తెనాలి ప్రాంతపు చరిత్రను పరిశీలించగా ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

- ఆనకట్ట వల్ల కలిగిన సంపద ఒక వర్గానికి తీరికను, మరో వర్గానికి అదనపు శ్రమను ఇచ్చింది. ఈ రెండింటినీ కలిపి ‘ప్రాంతీయ సంపద’ అనే ఒకే అంకెగా చూస్తే విరామకాల చలనం స్వభావం అర్థం కాదు.
- ఎండాకాలపు విరామం, ఖాళీ లేని మాగాణి నేల, చెమటకూ కూలికీ గల ముడి అనే మూడు కారణాలు డెల్టా తీరికను కూర్చొనే తీరికగా మలిచాయి.
- డెల్టా ప్రజలు గ్రంథాలయాన్ని, నాటకసభను ఊరి గౌరవంగా భావించి స్వయంగా నిర్మించుకొన్నారు. వ్యాయామశాలకు, ఆటస్థలానికి అదే గౌరవం దక్కలేదు. లోపం ధనంలో లేదు, ఆదరంలో ఉంది.
- ఉత్తరాంధ్ర ఉదాహరణ చూపినట్లు, తక్కువ సంపదతోనైనా ఒక ఊరు దేహసాధనను తన గౌరవంగా చేసుకోగలదు.

కాలువ నీరు దానంతట అది పొలానికెక్కలేదు. ఎవరో ఆనకట్ట కట్టారు, లాకులు పెట్టారు, పంటబోదెలు తవ్వారు. సంపద నుంచి ఆరోగ్యానికి దారి కూడా అటువంటిదే. బడి ఆవరణను సాయంత్రం ఊరందరికీ తెరవడం, ఉమ్మడి స్థలాలను కాపాడడం, ఆడపిల్లల ఆటను అట్లతద్ది నాటి అనుమతికే పరిమితం చేయకపోవడం ఆ దారిలోని పంటబోదెలు. వాటిని తవ్వుకొనే శక్తి ఈ ప్రాంతానికి ఉందని దాని గ్రంథాలయోద్యమ చరిత్రే సాక్ష్యమిస్తుంది.